గిటార్ పట్టిన ర్యాప్: నలభై ఏళ్ల ప్రయోగంలో నిలిచిందేమిటి?

ఒక హిప్-హాప్ బృందం తన కొత్త ఆల్బమ్‌లో రాక్ సంగీతాన్ని ప్రయత్నిస్తోందని తెలియగానే రెండు వైపుల నుంచీ అభ్యంతరాలు మొదలవుతాయి. రేడియో కోసం, పెద్ద మార్కెట్ కోసం సొంత గొంతు వదులుకున్నారని ర్యాప్ అభిమానులు నొచ్చుకుంటారు. మాటలు అల్లేవాళ్లకి గిటార్ సంగతి ఏం తెలుసని రాక్ అభిమానులు పెదవి విరుస్తారు. 1984లో రన్-డీఎంసీ తొలి ఆల్బమ్‌తో మొదలైన ఈ వాదన ఇప్పటికీ తెగలేదు. ఆనాటి నుంచి వచ్చిన ముఖ్యమైన ఆల్బమ్‌లను వరసగా వింటే కొన్ని నిన్న రికార్డు చేసినంత తాజాగా ఉన్నాయి. కొన్ని వచ్చిన ఏడాదికే వాడిపోయాయి. ఒకే రకం ప్రయత్నానికి ఇంత తేడా ఎందుకొచ్చిందన్నది ఆలోచించదగ్గ ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెబుతాను. హిప్-హాప్ చెవి ఏ పాటలోనైనా మొదట పట్టుకునేది దరువుని. రాక్‌ని కూడా ఆ చెవితోనే విని, దరువు మీద నిలబడి గిటార్‌ని పిలిచిన బృందాలు నెగ్గాయి. గిటార్ మోతను ఒక హోదాగా తెచ్చుకుని, అప్పటికే తయారైన పాట మీద కప్పినవాళ్లు తడబడ్డారు. ఈ మాటకి ఆధారాలు ఆ పాటల్లోనే ఉన్నాయి.

అప్పు కాదు, వాటా

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. ర్యాప్ నల్లవారిదనీ, రాక్ తెల్లవారిదనీ, ఒకరు మరొకరి దగ్గర అరువు తెచ్చుకుంటున్నారనీ అనుకోవడం చరిత్రకు నిలవదు. గాస్పెల్ పాటలు పాడుతూనే ఎలక్ట్రిక్ గిటార్‌ని గర్జింపజేసిన సిస్టర్ రోజెటా థార్ప్, గిటార్ వాయింపుకే కొత్త వ్యాకరణం రాసిన చక్ బెర్రీ, పియానో ముందు నిలబడి కేకలతో సభను ఊపేసిన లిటిల్ రిచర్డ్ లేకుండా రాక్ అండ్ రోల్ లేదు. 1953లో బిగ్ మామా థార్న్‌టన్ గొంతుతో వచ్చిన 'హౌండ్ డాగ్'ని 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడాక లోకం ఆయన పాటగానే గుర్తుపెట్టుకుంది. రికార్డు కంపెనీలు, రేడియో స్టేషన్లు శ్రోతలను రంగును బట్టి వేరుచేసి అమ్మడం వల్ల ఒకే చెట్టు కొమ్మలకు రెండు పేర్లు వచ్చాయి.

1981లో మొదలైన ఎంటీవీ కూడా తొలి రోజుల్లో నల్లజాతి కళాకారుల వీడియోలను దాదాపు దూరంగానే ఉంచింది. 1983లో మైఖేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' ఆ గోడకి పెద్ద గండి కొట్టింది. అయినా నల్లవాళ్లు రాక్ వాయిస్తామంటే కంపెనీలు ముఖం తిప్పుకునేవి. ఆ వివక్ష మీద పోరాడటానికే 1985లో న్యూయార్క్‌లో గిటార్ వాద్యకారుడు వెర్నన్ రీడ్, రచయిత గ్రెగ్ టేట్, నిర్మాత కొండా మేసన్ కలిసి బ్లాక్ రాక్ కొయలిషన్ అనే సంస్థ పెట్టారు. హిప్-హాప్ బృందాలు రాక్ వైపు చేసిన ప్రయాణాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. ఆ ప్రయాణంలో వ్యాపార లెక్క ఉంది. లాక్కున్న వాటాను తిరిగి అడిగే పట్టుదలా ఉంది.

1999లో ర్యాపర్ మోస్ డెఫ్ తన 'బ్లాక్ ఆన్ బోత్ సైడ్స్' ఆల్బమ్‌లో 'రాక్ ఎన్ రోల్' అనే పాటతో ఈ విషయాన్ని సూటిగా ఎత్తిచూపాడు. నింపాదిగా, సంభాషణలా మొదలైన పాట చివరికి వచ్చేసరికి ఉన్నట్టుండి హార్డ్‌కోర్ పంక్‌గా పేలుతుంది. రాక్ ఎవరు కనిపెట్టారన్న వాదనని మాటలతో మొదలుపెట్టి వాద్యంతో ముగించిన పాట అది.

బ్రాంక్స్ డీజేలు విన్న రాక్

1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలో జరిగిన పార్టీలో డీజే కూల్ హెర్క్ పాటలు వేశాడు. హిప్-హాప్ పుట్టినరోజుగా చెప్పుకునేది ఆ రోజునే. పాటలో గొంతు, ఇతర వాద్యాలు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే చోట జనం ఒళ్లు మరిచి నాట్యం చేస్తున్నారని హెర్క్ గమనించాడు. ఆ చోటుని బ్రేక్ అంటారు. రెండు టర్న్‌టేబుళ్ల మీద ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టి, ఒకదాని బ్రేక్ అయిపోగానే రెండోదాని బ్రేక్ అందించి, కొన్ని క్షణాల దరువుని నిమిషాల తరబడి సాగదీశాడు. హిప్-హాప్‌కి పునాది ఇదే.

ఆ బ్రేక్ ఏ రికార్డులో దొరికితే ఆ రికార్డు డీజేల పెట్టెలోకి చేరేది. జేమ్స్ బ్రౌన్ ఫంక్ పక్కనే రాక్ రికార్డులూ ఉండేవి. తమ రహస్యం పక్క డీజేకి తెలియకుండా రికార్డుల మీది లేబుళ్లను నీళ్లలో నానబెట్టి ఊడదీసేవారు. అందువల్ల నాట్యమాడే కుర్రాళ్లకి ఆ దరువు కంఠస్థం అయ్యేది కానీ, వాయించిన బృందం పేరు తెలిసేది కాదు. బిల్లీ స్క్వైర్ అనే రాక్ గాయకుడి 1980 నాటి 'ది బిగ్ బీట్' పాటలోని డ్రమ్ములు ఆ గాయకుడి పేరు కన్నా ఎక్కువ కాలం బతికింది ర్యాప్‌లోనే. రన్-డీఎంసీ తొలినాళ్లలో వాడిన ఆ దరువునే రెండు దశాబ్దాల తర్వాత జే-జీ పాట '99 ప్రాబ్లమ్స్'లోనూ వింటాం.

రాక్ శ్రోత గాయకుణ్ని, గిటార్‌ని ముందు వింటాడు. బ్రాంక్స్ డీజే ఆ రెండూ లేని చోటు కోసం వెతికాడు. ఒకే రికార్డుని రెండు కొసల నుంచి వినడమన్నమాట. తర్వాత జరిగిన కథంతా ఈ తేడా చుట్టూ తిరుగుతుంది.

రన్-డీఎంసీ: మూడు ఆల్బమ్‌లు, ఒక మార్గం

క్వీన్స్‌లోని హోలిస్ నుంచి వచ్చిన జోసెఫ్ సిమ్మన్స్, డారిల్ మెక్‌డేనియల్స్, జామ్ మాస్టర్ జేగా పిలిచే డీజే జేసన్ మిజెల్ కలిసిన బృందం రన్-డీఎంసీ. 1984లో వాళ్ల తొలి ఆల్బమ్‌లోని 'రాక్ బాక్స్' పాటలో డ్రమ్ మెషీన్ దరువు మీద ఎడ్డీ మార్టినెజ్ గిటార్ విరుచుకుపడుతుంది. ఎంటీవీలో చోటు దొరికిన తొలి ర్యాప్ వీడియోల్లో అది ఒకటి. 1985లో వచ్చిన రెండో ఆల్బమ్‌కి ఏకంగా 'కింగ్ ఆఫ్ రాక్' అని పేరు పెట్టుకున్నారు. ఆ పాట వీడియోలో ఇద్దరు ర్యాపర్లు రాక్ మ్యూజియం గుమ్మం దగ్గరికి వస్తే కాపలాదారు అడ్డుకుంటాడు. 2009లో నిజమైన రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఇదే బృందానికి తలుపు తీసింది.

ఈ రెండు ఆల్బమ్‌లకీ రస్సెల్ సిమ్మన్స్‌తో కలిసి నిర్మాతగా పనిచేసినవాడు ల్యారీ స్మిత్. స్వయంగా బేస్ గిటార్ వాద్యకారుడు. ర్యాప్-రాక్ చరిత్ర చెప్పేటప్పుడు అందరి నోటా మరో నిర్మాత రిక్ రూబిన్ పేరే వినిపిస్తుంది. దారి వేసిన ల్యారీ స్మిత్‌ని మరిచిపోవడం అన్యాయం.

1986లో 'రెయిజింగ్ హెల్' వచ్చింది. రూబిన్ అప్పటికి న్యూయార్క్ యూనివర్సిటీ హాస్టల్ గదిలో డెఫ్ జామ్ కంపెనీని మొదలుపెట్టి రెండేళ్లు. ఏరోస్మిత్ బృందం 1975 నాటి 'టాయ్స్ ఇన్ ది ఆటిక్' ఆల్బమ్‌లోని 'వాక్ దిస్ వే' పాటను పూర్తిగా పాడమని రన్-డీఎంసీకి సూచించింది ఆయనే. ఆ పాట ఆరంభంలోని డ్రమ్ములు వీళ్లకి చిన్ననాటి నుంచీ తెలుసు. గిటార్ రాగానే, గాయకుడు నోరు తెరవకముందే డీజే రికార్డుని మళ్లీ మొదటికి తిప్పేసేవాడు. మిగతా పాట వినాల్సిన అవసరమే పడలేదు. అందుకే మొత్తం పాట పాడమన్నప్పుడు రన్, డీఎంసీ ఇద్దరూ మొదట్లో ఒప్పుకోలేదు.

ఆ రికార్డింగ్‌ని దగ్గరగా వినండి. మొదట దరువు, దాని మీద జామ్ మాస్టర్ జే స్క్రాచింగ్. తర్వాత ఏరోస్మిత్ బృందపు జో పెర్రీ గిటార్ వరస. చరణం మొదలవగానే ఆ పెద్ద వరస పక్కకు తప్పుకుంటుంది. మాటల కింద గిటార్ చిన్నచిన్న ముక్కలుగా, తాళం తెగకుండా కొడుతుంటుంది. ఒకడు మొదలుపెట్టిన పాదాన్ని రెండోవాడు అందుకుని పూర్తిచేస్తాడు. మాటలు ఆగాకే గిటార్ మళ్లీ ఒళ్లు విరుచుకుంటుంది. పల్లవి దగ్గర ఏరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్ పైస్థాయిలో అరుస్తూ వస్తాడు. ఒకరి చోటులోకి మరొకరు చొరబడరు. అసలు పాటలోనే టైలర్ చరణాలను రాగం కన్నా లయకి ఎక్కువ విలువిచ్చి, గబగబా మాటలు దొర్లిస్తూ పాడాడు. ఆ రాక్ పాటలో ర్యాప్ గింజ ముందే ఉందని రూబిన్ పసిగట్టడం గొప్ప వినికిడి.

అసలు పాట 1977లో బిల్‌బోర్డ్ హాట్ 100లో 10వ స్థానం దాకా వెళ్లింది. 1986 పాట 4వ స్థానానికి చేరింది. పాతబడిపోయిందనుకున్న ఏరోస్మిత్‌కి రెండో జీవితం దొరికింది. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. 'రెయిజింగ్ హెల్' ఆల్బమ్ ఈ పాటతో మొదలుకాదు. మొదటి పాట 'పీటర్ పైపర్', అచ్చంగా టర్న్‌టేబుల్ నైపుణ్యం మీద నడిచే పాట. తామెవరో చెప్పుకున్న తర్వాతే గిటార్‌ని లోపలికి రానిచ్చారు.

బీస్టీ బాయ్స్: ఎదురు దిక్కు నుంచి

బీస్టీ బాయ్స్ ప్రయాణం ఇందుకు తిరగబడి ఉంటుంది. ఈ న్యూయార్క్ కుర్రాళ్లు 1981లో హార్డ్‌కోర్ పంక్ బృందంగా మొదలై ర్యాప్‌లోకి వచ్చారు. 1986 నవంబరులో రూబిన్ నిర్మాణంలో వచ్చిన 'లైసెన్స్‌డ్ టు ఇల్' మరుసటి ఏడాది బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఒక ర్యాప్ ఆల్బమ్‌కి అది తొలిసారి. మొదటి పాటలోనే లెడ్ జెపెలిన్ డ్రమ్ములు మోగుతాయి. 'నో స్లీప్ టిల్ బ్రూక్లిన్'లో స్లేయర్ బృందపు కెర్రీ కింగ్ గిటార్ వాయించాడు. అమెరికాలో ఆల్బమ్ పట్టికను ర్యాప్ తొలిసారి గెలిచింది తెల్ల కుర్రాళ్ల గొంతుతో, రాక్ గిటార్ తోడుతో అన్న నిజం ఆ మార్కెట్ స్వభావాన్ని చెబుతుంది. దాన్ని దాచిపెట్టి ఈ చరిత్ర రాయకూడదు.

కళాపరంగా వాళ్ల అసలు సాధన 1992 నాటి 'చెక్ యువర్ హెడ్'. లాస్ ఏంజెలెస్‌లో సొంత స్టూడియో పెట్టుకుని పాత వాద్యాలు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. గంటల తరబడి వాయించి, అందులో పనికొచ్చే ముక్కలు ఏరి, తమ వాయింపునే శాంపిల్‌లా, అంటే పాత రికార్డు నుంచి కోసుకున్న ముక్కలా మలిచారు. అప్పటికి మరో ఒత్తిడి కూడా పెరిగింది. 1991 డిసెంబరులో ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో అమెరికా కోర్టు ఇచ్చిన తీర్పుతో, అనుమతి లేని శాంపిల్ వాడటం ప్రమాదకరమైంది. అనుమతి కొనడం ఖరీదైంది. సొంతంగా వాయించుకోగల బృందాలకి అది ఒక కొత్త దారి చూపింది. 1994లో వచ్చిన 'సాబటాజ్' బృంద సభ్యుడు ఆడమ్ యాఖ్ బేస్ గిటార్ వరస నుంచి పుట్టిన పాట. అది రాక్ పాటా, ర్యాప్ పాటా అన్న ప్రశ్నే వినేవాడికి రాదు. ప్రయోగం పండిందనడానికి అంతకన్నా గుర్తు ఏముంటుంది?

పాట ఒకటే, పేరు పాడినవాణ్ని బట్టి

1988లో హిప్-హాప్ బృందం పబ్లిక్ ఎనిమీ తమ పాటలో స్లేయర్ గిటార్‌ని శాంపిల్ చేసింది. 1991లో ఆంథ్రాక్స్ అనే మెటల్ బృందంతో కలిసి తమ పాత పాట 'బ్రింగ్ ద నాయిజ్'ని తిరిగి రికార్డు చేసింది. రెండు బృందాలూ కలిసి ఊరూరా తిరిగి కచేరీలు చేశాయి. పబ్లిక్ ఎనిమీ సంగీతం అప్పటికే సైరన్లు, కేకలు, కోతలతో నిండిన రణగొణధ్వని. మెటల్ గిటార్ దానికి బయటి వస్తువు కాలేదు. ఆ బృందపు ర్యాపర్ చక్ డీ గంభీరమైన గొంతు ఆ హోరు మీద నిలబడగలిగింది కాబట్టి ఆ కలయిక నిలిచింది.

ఐస్-టీ కథ వేరు. లాస్ ఏంజెలెస్ ర్యాపర్ అయిన ఆయన 'బాడీ కౌంట్' అనే మెటల్ బృందం కట్టి 1992లో అదే పేరుతో ఆల్బమ్ తెచ్చాడు. అందులో పోలీసుల దౌర్జన్యం మీద కోపంతో రాసిన 'కాప్ కిల్లర్' పాటపై టెక్సాస్ పోలీసు సంఘాల నుంచి వైట్‌హౌస్ దాకా నిరసన రేగింది. కంపెనీ మీద బహిష్కరణ పిలుపులు వచ్చాయి. చివరికి ఐస్-టీయే ఆ పాటని ఆల్బమ్ నుంచి తీసేశాడు. అది రాక్ పాట అని ఆయన ఎంత చెప్పినా పత్రికలు, నాయకులు దాన్ని ర్యాప్ పాట అనే పిలిచారు. గిటార్, డ్రమ్ములు, అరుపు అన్నీ మెటల్‌వే అయినా పాడినవాడి రంగే పాటకి పేరు పెట్టింది. మార్కెట్ కోసమే ర్యాపర్లు రాక్ చేస్తారనేవాళ్లు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి. బాడీ కౌంట్‌కి రాక్ తెచ్చిపెట్టింది లాభం కన్నా గొడవే.

1993లో 'జడ్జ్‌మెంట్ నైట్' సినిమా ఆల్బమ్ ప్రతి పాటకీ ఒక ర్యాప్ బృందాన్ని, ఒక రాక్ బృందాన్ని జతకట్టింది. టీనేజ్ ఫ్యాన్‌క్లబ్‌తో డీ లా సోల్, హెల్మెట్‌తో హౌస్ ఆఫ్ పెయిన్, సోనిక్ యూత్‌తోనూ పెర్ల్ జామ్‌తోనూ సైప్రెస్ హిల్. వాటిలో ఈనాటికీ బాగా నిలిచింది టీనేజ్ ఫ్యాన్‌క్లబ్, డీ లా సోల్‌ల 'ఫాలిన్'. ఆల్బమ్‌లో అందరికన్నా తక్కువ మోత చేసిన పాట అదే. ర్యాపర్ కుదురుగా మాట్లాడుకోవడానికి అందులో చోటుంది.

సైప్రెస్ హిల్: రెండు డిస్కుల పాఠం

2000 నాటికి పరిస్థితి మారిపోయింది. కార్న్, లింప్ బిజ్‌కిట్ లాంటి రాక్ బృందాలు ర్యాప్‌ని తమలో కలుపుకుని స్టేడియాలు నింపుతున్నాయి. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన లింకిన్ పార్క్ 'హైబ్రిడ్ థియరీ' అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడైంది. అంతకు ముందే, ఏప్రిల్‌లో, సైప్రెస్ హిల్ 'స్కల్ అండ్ బోన్స్' తెచ్చింది. కాలిఫోర్నియాలోని సౌత్ గేట్‌కి చెందిన ఈ బృందం ఆల్బమ్‌ని రెండు డిస్కులుగా విడగొట్టింది. 'స్కల్' డిస్కు తమకి అలవాటైన హిప్-హాప్. ఆరు పాటల 'బోన్స్' డిస్కు గిటార్లు, నిజమైన డ్రమ్ములతో రాక్. ఫియర్ ఫ్యాక్టరీ సభ్యులు, రేజ్ అగెనెస్ట్ ద మెషీన్ డ్రమ్మర్ బ్రాడ్ విల్క్ అందులో వాయించారు.

మన ప్రశ్నకి ఈ ఆల్బమ్ ఒక పరీక్షలా ఉపయోగపడుతుంది. ఎందుకంటే ఒకే పాట రెండు డిస్కుల్లోనూ ఉంది. 'ర్యాప్ సూపర్‌స్టార్' ఒకచోట, 'రాక్ సూపర్‌స్టార్' మరోచోట. పేరు ప్రఖ్యాతుల ఉచ్చు గురించి బృందపు ర్యాపర్లు బీ-రియల్, సెన్ డాగ్ చెప్పే చరణాలు రెండింటిలోనూ ఒకటే. ఒకటి ర్యాప్ రేడియోకి, ఒకటి రాక్ రేడియోకి. రెండూ బాగా నడిచాయి. రెండూ బలమైన పాటలే, ఎందుకంటే బృందపు డీజే మగ్స్ కట్టిన దరువే రెండింటికీ వెన్నెముక. గిటార్ ఆ దరువుకి బరువు పెంచింది, దాన్ని తోసేయలేదు.

'బోన్స్'లోని మిగతా పాటల్లో ఆ అమరిక కనిపించదు. బీ-రియల్‌ది ముక్కుతో పలికే సన్నని, పదునైన గొంతు. మగ్స్ లూపుల మధ్య ఉండే ఖాళీలో ఆ గొంతు కత్తిలా దూసుకొస్తుంది. వక్రీకరించిన ఎలక్ట్రిక్ గిటార్ ధ్వని మధ్యస్థాయినంతా ఆక్రమిస్తుంది. మాటల్లోని హల్లులు స్పష్టంగా వినపడాల్సిన చోటు కూడా అదే. రెండూ ఒకే గదిలో ఇరుక్కుంటే ఓడేది మాటే. సెన్ డాగ్ బొంగురు గొంతు ఆ హోరులో నెగ్గుకొచ్చింది కానీ బీ-రియల్ చాలాచోట్ల అరవాల్సి వచ్చింది. అరిచినప్పుడు ఆ గొంతులోని చమత్కారం పోయింది. రాక్‌ని వేరే డిస్కుకి పంపడంలోనే బృందం తటపటాయింపు తెలుస్తోంది. ఆరు పాటల్లో ఒకటి పండింది. నిజాయితీ ఉన్న ప్రయోగం, సగం విజయం.

ద రూట్స్, నెర్డ్, మోస్ డెఫ్

2002 నవంబరులో ఫిలడెల్ఫియా బృందం ద రూట్స్ 'ఫ్రెనాలజీ' ఆల్బమ్ తెచ్చింది. మొదటి నుంచీ వాద్యాలు వాయించే హిప్-హాప్ బృందం ఇది. 'థింగ్స్ ఫాల్ అపార్ట్' విజయం తర్వాత అదే దారిలో మరొకటి చేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వాళ్లు పుర్రె ఆకారాన్ని బట్టి మనిషి గుణం తేల్చే, జాతి వివక్షకి కొమ్ముకాసిన ఒక బూటకపు శాస్త్రం పేరు ఆల్బమ్‌కి పెట్టి, హిప్-హాప్ ఇలాగే ఉండాలన్న కొలతలను తిరస్కరించారు. అందులో అర నిమిషం కూడా లేని హార్డ్‌కోర్ పంక్ పాట ఉంది. పది నిమిషాలకు పైగా సాగే 'వాటర్' ఉంది. వీటి మధ్య 'ద సీడ్ 2.0' ఉంది.

కోడీ చెస్‌నట్ అనే గాయకుడు పడకగదిలో నాలుగు ట్రాకుల యంత్రం మీద రికార్డు చేసుకున్న పాట 'ద సీడ్'. రూట్స్ ఆయన్నే పిలిచి గిటార్, పల్లవి అప్పగించారు. చరణాలు బృందపు ర్యాపర్ బ్లాక్ థాట్ రాశాడు. క్వెస్ట్‌లవ్ డ్రమ్ములు పొడిగా, బిగువుగా, ఏ ఆర్భాటం లేకుండా నడుస్తాయి. గిటార్ చిన్న వరస కొట్టి ఆగుతుంది, ఆ ఆగిన చోట మాట పడుతుంది. ర్యాపర్‌కీ రాక్ గాయకుడికీ మధ్య అతుకు కనిపించదు. నా దృష్టిలో ఒక హిప్-హాప్ బృందం చేసిన రాక్ ప్రయోగాల్లో ఇంత పొందికైనది మరొకటి లేదు.

నెర్డ్ బృందం చేసింది ఇంకో రకం సాహసం. ఫారెల్ విలియమ్స్, చాడ్ హ్యూగో, షే హేలీల తొలి ఆల్బమ్ 'ఇన్ సెర్చ్ ఆఫ్' 2001లో యూరప్‌లో యంత్రాల దరువులతో విడుదలైంది. వాళ్లు దాంతో తృప్తిపడక, స్పైమాబ్ అనే రాక్ బృందాన్ని తెచ్చి పాటలన్నీ తిరిగి వాయింపజేసి 2002లో మళ్లీ విడుదల చేశారు. రెండు రూపాలూ పక్కపక్కన వింటే, రెండోదానిలో వేడి పెరిగింది కానీ పాటల నడక మారలేదని తెలుస్తుంది. దరువు రాసింది ఫారెల్, చాడ్ ద్వయమే కాబట్టి వాయించే చేతులు మారినా నడక చెదరలేదు.

మోస్ డెఫ్ 2004లో 'ద న్యూ డేంజర్' ఆల్బమ్ కోసం బ్లాక్ జాక్ జాన్సన్ అనే బృందం కట్టాడు. బాడ్ బ్రెయిన్స్ నుంచి డాక్టర్ నో, లివింగ్ కలర్ నుంచి విల్ కల్హూన్, డగ్ వింబిష్, పార్లమెంట్-ఫంకడెలిక్ నుంచి బెర్నీ వొరెల్. నల్లవారి రాక్ చరిత్రంతా ఒక గదిలో కూర్చున్నట్టు. ఉద్దేశం ఉన్నతం, వాద్యకారులు మేటి. అయినా ఆల్బమ్ చాలాచోట్ల దారితప్పుతుంది. మోస్ డెఫ్ బలం ఆయన మాటల అల్లిక. ఇక్కడ ఆ మాటలు పలచబడ్డాయి, వాయింపు సాగతీతగా మారింది. వాదన సరైనదైనంత మాత్రాన పాట దానంతటదే బాగుపడదు.

తప్పటడుగు ఎక్కడ?

2008లో 'థ కార్టర్ 3'తో తొలి వారంలోనే పది లక్షలకు పైగా అమ్మిన లిల్ వెయిన్, ఆ గెలుపు ఊపులో చేసిన రాక్ ఆల్బమ్ 'రీబర్త్' 2010లో వచ్చింది. బృందం కాదు, ఒక్కడే. అయినా ఇక్కడ చెప్పుకోవాలి, విమర్శకులు దాదాపు ఏకగ్రీవంగా పెదవి విరిచిన ఆల్బమ్ ఇది. లిల్ వెయిన్ తన తరంలో లయ మీద అసామాన్యమైన పట్టున్న ర్యాపర్. తాళానికి కాస్త వెనకా ముందూ జారుతూ, అనుకోని పోలికలతో శ్రోతను ఉలిక్కిపడేలా చేస్తాడు. 'రీబర్త్'లో ఆ విద్యను పక్కన పెట్టి, గిటార్ మోత మీద సాగదీసిన రాగాలు పాడాడు. రాక్ అంటే గిటార్, కేక, తిరుగుబాటు భంగిమ అన్న పైపై బొమ్మే మిగిలింది.

దీనికి ఎదురుగా రూబిన్ నిర్మించిన '99 ప్రాబ్లమ్స్'ని పెట్టి చూడండి. గిటార్ ఒక్క దెబ్బ కొట్టి ఆగుతుంది. చాలాసేపు జే-జీ మాటల కింద డ్రమ్ములు తప్ప మరేమీ ఉండవు. రాక్ బరువంతా ఆ పాటలో ఉంది, కానీ ర్యాపర్ ఒక్క అక్షరం కూడా వదులుకోలేదు.

రెండు అభ్యంతరాలు

దరువే ప్రధానమైతే రేజ్ అగెనెస్ట్ ద మెషీన్ సంగతేమిటని అడగొచ్చు. అది గిటార్ మీద నడిచిన రాక్ బృందమే కదా! నిజమే. కానీ టామ్ మొరెల్లో ఆ గిటార్‌తో ఏం చేశాడో వినాలి. తీగలను రుద్ది, గిటార్ మీది స్విచ్‌ని టపటపా తిప్పి, టర్న్‌టేబుల్ స్క్రాచింగ్‌ని తలపించే శబ్దాలు రాబట్టాడు. శాంపిళ్లు, సింథసైజర్లు వాడలేదని తొలి ఆల్బమ్ మీదే ముద్రించుకున్నారు. రాక్ బృందం హిప్-హాప్ చెవిని అరువు తెచ్చుకుని నెగ్గిన సందర్భమది. నా వాదనకి అది బలమే.

ఇదంతా మార్కెట్ ఆట అన్నది రెండో అభ్యంతరం. మార్కెట్ పాత్ర కాదనలేనిది. జే-జీ, లింకిన్ పార్క్ కలిసి 2004లో చేసిన 'కొలిజన్ కోర్స్' రెండు పెద్ద అభిమాన వర్గాలను ఒకచోట చేర్చే లెక్కతోనే వచ్చింది. అందులోని 'నంబ్/ఎంకోర్'కి 2006లో గ్రామీ కూడా దక్కింది. కానీ అమ్మకం ఒక్కటే కారణమైతే ప్రయోగాలన్నీ ఒకే తీరుగా ఉండాలి. ఉద్దేశం డబ్బే అయిన చోట కూడా పొందిక కుదిరితే పాట నిలిచింది, కుదరకపోతే పోయింది. శ్రోత తూచాల్సింది పొందికనే.

మన తెలుగు శ్రోతల్లో చాలామందికి ఈ చరిత్ర తలకిందులుగా చేరింది. 1994లో 'ప్రేమికుడు' సినిమాలోని 'పేటరాప్'తో ర్యాప్ అనే మాట మన ఇళ్లలోకి వచ్చింది. 2000 తర్వాత కాలేజీ హాస్టళ్లలో లింకిన్ పార్క్ మోగింది. రన్-డీఎంసీ, రూట్స్ పేర్లు వినడం ఆ తర్వాతే, వింటే. అందుకే ర్యాప్-రాక్ అంటే రాక్ బృందాలు ర్యాప్‌ని చేరదీసి పుట్టించిన శైలి అన్న అభిప్రాయం మనలో ఉండిపోయింది. మొదటి అడుగు క్వీన్స్ కుర్రాళ్లది. వాళ్లకన్నా ముందు చెవి బ్రాంక్స్ డీజేలది.

ఇన్ని ఆల్బమ్‌లు విన్నాక నా తీర్పు ఇది. హిప్-హాప్ బృందం రాక్ వైపు వెళ్లడం ద్రోహం కాదు, అర్హత లేని పనీ కాదు. అది వాళ్ల పుట్టింటి సంగీతమే. అయితే దరువుని, మాట స్పష్టతని పణంగా పెట్టి తెచ్చుకున్న గిటార్ ఏ బృందానికీ అచ్చిరాలేదు. 'రెయిజింగ్ హెల్', 'చెక్ యువర్ హెడ్', 'ఫ్రెనాలజీ' ముందు వరసలో నిలుస్తాయి. 'స్కల్ అండ్ బోన్స్' ఒక్క గొప్ప పాటతో వాటి వెనక ఉంటుంది. ఈ సంగీతం కొత్తగా వినాలనుకునేవాళ్లు 'రాక్ బాక్స్'తో మొదలుపెట్టి, 'వాక్ దిస్ వే' మీదుగా 'ద సీడ్ 2.0' దాకా ఇదే వరసలో వినండి. గిటార్ ఎప్పుడు మోగిందో కాదు, ఎప్పుడు ఆగిందో గమనించండి. ఏ ప్రయోగం నిలుస్తుందో మీకే తెలిసిపోతుంది.